ఎంట్రీ లెవెల్ లగ్జరీ సెడాన్లు: పికప్, పవర్, గేర్‌బాక్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తొలిసారి నలభై, యాభై లక్షలు పెట్టి కారు కొనేవాళ్లు పడే టెన్షన్ నేను దగ్గర నుంచి చూశాను. చాలామందికి అది ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు. షోరూంలో చేతికిచ్చే కాగితంలో మాత్రం ఎన్ని హార్స్‌పవర్, ఎంత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అన్నవే కనిపిస్తాయి. ఆ మూడు అంకెల వెనక ఏముందో అడిగితే సరైన జవాబు దొరకదు. బంధువుల కోసం, స్నేహితుల కోసం ఈ తరగతి కార్లను చాలాసార్లు నడిపి చూశాను. ఆ క్రమంలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలివి.

అసలు ఏ కార్లను ఎంట్రీ లెవెల్ లగ్జరీ సెడాన్లు అంటారు?

మన దగ్గర ఈ మాటను రెండు మెట్లకు వాడుతున్నారు. మొదటి మెట్టులో మెర్సిడెస్ ఏ-క్లాస్ లిమోసిన్, బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే ఉంటాయి. అంతకుముందు ఆడి ఏ3, మెర్సిడెస్ సీఎల్ఏ ఉండేవి. రెండో మెట్టు ఆడి ఏ4, మెర్సిడెస్ సి-క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్. వీటిలో కొన్ని ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే ఎక్కువగా దొరుకుతాయి, అందుకే పాత మోడళ్లను కూడా కలిపి చెబుతున్నాను. ధరల విషయంలో పాత వీడియోలను నమ్మకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ కార్లపై సెస్ తీసేసి జీఎస్టీని 40 శాతం చేశారు, ఎక్స్-షోరూం రేట్లు అప్పుడు మారాయి.

సున్నా నుంచి వందకు ఏది ఎన్ని సెకన్లు తీసుకుంటుంది?

కంపెనీలు ప్రకటించిన లెక్కలు చెబుతాను. మొదటి మెట్టులో, 2 సిరీస్ గ్రాన్ కూపే పాత మోడల్ పెట్రోల్ 220ఐకి 7.1 సెకన్లు, డీజిల్ 220డీకి 7.5. మెర్సిడెస్ ఏ-క్లాస్‌లో ఏ200 పెట్రోల్ ఎనిమిది సెకన్లు కాస్త దాటుతుంది. రెండో మెట్టులో ఆడి ఏ4 190 హార్స్‌పవర్‌తో వచ్చినప్పుడు 7.3, తర్వాత 204కు పెంచినప్పుడు 7.1. మెర్సిడెస్ సి-క్లాస్‌లో సీ200, సీ220డీ రెండూ 7.3. లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం పెంచిన) 3 సిరీస్‌లో డీజిల్ 7.6, పెట్రోల్ 330ఎల్ఐ 6.2. సి-క్లాస్‌లోనే 265 హార్స్‌పవర్ డీజిల్ సీ300డీ 5.7 సెకన్లలో వంద అందుకుంటుంది.

ఒక విషయం చాలామంది గమనించరు. కొత్త మోడల్ అంటే వేగంగా ఉంటుందని రూలేమీ లేదు. 2025 జులైలో వచ్చిన కొత్త 2 సిరీస్ గ్రాన్ కూపేలో రెండు లీటర్ల ఇంజిన్ పోయి, మూడు సిలిండర్ల 1.5 లీటర్ పెట్రోల్ వచ్చింది. పవర్ 156 హార్స్‌పవర్, వందకు 8.6 సెకన్లు. అంటే పాత 220ఐ కంటే ఒకటిన్నర సెకను ఎక్కువ. లోపల స్క్రీన్లు, డిజైన్ కొత్తవి. పికప్ కోసమే ఆ పేరు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఈ తేడా తెలుసుకుని వెళ్లాలి.

కంపెనీ చెప్పిన సెకన్లు మన చేతిలో ఎందుకు రావు?

కారులో నలుగురు మనుషులు, డిక్కీలో సామాను ఉంటే మూడు వందల కిలోలు సులువుగా పెరుగుతాయి. పదిహేను వందల కిలోల కారుకు అది ఐదో వంతు. దానికి మన ఎండలు తోడవుతాయి. ఈ ఇంజిన్లన్నీ టర్బోవి, అంటే గాలిని నొక్కి లోపలికి పంపేవి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కి పలచబడుతుంది. ఇంజిన్‌కు హాని కలగకుండా కంప్యూటరే పవర్ కొంచెం తగ్గిస్తుంది. ఏసీ కంప్రెసర్ తన వాటా తాను లాక్కుంటుంది. తెల్లవారుజామున ఐదింటికి అదే కారు నడిపి చూడండి, వేరే బండిలా అనిపిస్తుంది. అది మీ భ్రమ కాదు.

అమెరికాలో ఉన్న మా బావ వాళ్ల కారు ఐదున్నర సెకన్లే అంటున్నాడు. ఇక్కడి లెక్కతో పోల్చవచ్చా?

నేరుగా పోల్చకండి. అక్కడ కొలిచేది సున్నా నుంచి 60 మైళ్లకు, అంటే గంటకు 96.5 కిలోమీటర్లకు. మిగిలిన మూడున్నర కిలోమీటర్ల వేగానికి ఈ తరగతి కారుకు ఇంకో పావు సెకనో, కాస్త ఎక్కువో పడుతుంది. పైగా అక్కడి పత్రికలు చాలావరకు కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతాయి. ఆ ఒక్క అడుగుకే ఇంకో పావు సెకను దాకా కలిసివస్తుంది. రెండూ కలిపితే అర సెకను తేడా కాగితం మీదే పుడుతుంది. బావగారి కారు నిజంగా వేగమైనదే కావచ్చు, కానీ రెండు లెక్కలూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు.

హార్స్‌పవర్ ముఖ్యమా, టార్క్ ముఖ్యమా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ తప్పుగా చెప్పే జవాబు కూడా దీనికే. "పవర్ పేపర్ మీద, టార్క్ రోడ్డు మీద" అని సేల్స్ వాళ్లు చెబుతుంటారు. పైన ఇచ్చిన లెక్కలే తీసుకుని చూద్దాం.

సీ200 పెట్రోల్: 204 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్. సీ220డీ డీజిల్: 200 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్లు. టార్క్‌లో 140 తేడా. అయినా రెండింటికీ వందకు పట్టేది 7.3 సెకన్లే. ఎందుకంటే పవర్ దాదాపు సమానం.

ఇప్పుడు 3 సిరీస్. డీజిల్‌కూ పెట్రోల్‌కూ టార్క్ ఒక్కటే, 400 న్యూటన్ మీటర్లు. పవర్ మాత్రం డీజిల్‌కు 190, పెట్రోల్‌కు 258. ఫలితం 7.6, 6.2 సెకన్లు.

కారణం ఇది. ఆ డీజిల్ ఇంజిన్ తన 400 న్యూటన్ మీటర్లను 1750 నుంచి 2500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా మాత్రమే ఇస్తుంది. పెట్రోల్ ఇంజిన్ 1550లో మొదలుపెట్టి 4400 దాకా అదే బలంతో లాగుతుంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7120తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 2500 దగ్గర 400 న్యూటన్ మీటర్లంటే సుమారు 140 హార్స్‌పవర్. అదే 400 న్యూటన్ మీటర్లు 4400 దగ్గర ఉంటే సుమారు 247. కాలు పూర్తిగా తొక్కినప్పుడు కారును ముందుకు నెట్టేది ఆ గుణకారమే.

మరి డీజిల్ తొక్కగానే వీపు సీటుకు అతుక్కున్నట్టు ఎందుకుంటుంది? ఎవరం రోజూ కాలు పూర్తిగా తొక్కం కాబట్టి. అరవైలో పెద్ద గేర్‌లో, 1700 ఆర్‌పీఎం దగ్గర వెళ్తూ కాలు కొంచెమే అదిమితే, 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌లో అక్కడికక్కడే దాదాపు వంద హార్స్‌పవర్ సిద్ధంగా ఉంటుంది. 250 న్యూటన్ మీటర్ల ఏ200లో అదే చోట అరవైకి మించి ఉండదు. గేర్ దింపాలి, ఇంజిన్ అరవాలి, అప్పుడు కదలాలి. ఆ అర సెకను ఆలస్యాన్నే మనం "పికప్ లేదు" అంటాం. కాబట్టి టార్క్ సౌకర్యం ఇస్తుంది, పవర్ వేగం ఇస్తుంది. మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి.

అంత డబ్బు పెడుతున్నాను, ఇరవై లక్షల కారు కంటే పికప్ బాగా ఎక్కువ ఉంటుందా?

మొదటి మెట్టు కార్లలో అంత ఉండదు. నిరాశ కలిగినా ముందే తెలుసుకోవడం మంచిది. ఏ200లోని 1.3 లీటర్ టర్బో ఇంజిన్‌ను మెర్సిడెస్, రెనో–నిస్సాన్ కలిసి తయారుచేశాయి. ఆ కుటుంబానికే చెందిన ఇంజిన్ 2020లో మన డస్టర్ టర్బోలో, కిక్స్ టర్బోలో కూడా వచ్చింది. అక్కడ 156, ఇక్కడ 163. వోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో 1.5 లీటర్ ఇంజిన్ 150 హార్స్‌పవర్ ఇస్తుంది, వందకు తొమ్మిది సెకన్ల చుట్టుపక్కల పడుతుంది. సగం ధర కంటే తక్కువ.

తేడా ఎక్కడంటే, నూటపదిలో వెళ్తున్నప్పుడు. లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, స్టీరింగ్ స్థిరంగా ఉంటుంది, గతుకు మీద బ్రేక్ వేసినా కారు పక్కకు జరగదు. డబ్బు అక్కడికి వెళ్లింది. ఆ తేడా మీకు ముఖ్యమైతే కొనండి. పికప్ ఒక్కటే కావాలంటే స్కోడా 2025లో వంద కార్లు మాత్రమే తెచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ లాంటివి వేరే ఉన్నాయి. 265 హార్స్‌పవర్, 6.4 సెకన్లు. లగ్జరీ బ్యాడ్జి లేకపోయినా ఈ పేజీలోని చాలా కార్లను దాటిపోతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద లిమిట్ 120. ఇంత పవర్ ఎందుకు?

ఓఆర్‌ఆర్ కోసం కాదు. అక్కడ ఒక్కో వైపు నాలుగు లైన్ల వెడల్పు ఉంది, ఎదురు బండి రాదు. పవర్ అవసరం తెలిసేది రెండు లైన్ల రోడ్డు మీద. శ్రీశైలం రోడ్డులో డిండి వైపు వెళ్తూ నలభైలో పోతున్న ఆర్టీసీ బస్సు వెనక ఇరుక్కున్నారనుకోండి. నలభై నుంచి డెబ్బైకి చేరి బస్సును దాటాలి. ఎదురుగా వచ్చే బండి డెబ్బైలో, మీరు సగటున అరవైలో ఉంటే, రెండు బండ్లూ సెకనుకు 36 మీటర్లు దగ్గరవుతాయి. మీ కారు ఒక్క సెకను ముందుగా పని ముగిస్తే 36 మీటర్ల ఖాళీ మిగిలినట్టు. అంటే మూడు బస్సుల పొడవు. నా దృష్టిలో ఈ తరగతి కార్లలో పవర్‌కు అసలు విలువ ఇదే. అందుకే సున్నా నుంచి వందకు కంటే నలభై నుంచి ఎనభైకి, ఎనభై నుంచి నూట ఇరవైకి ఎంత పట్టిందో చెప్పే రివ్యూలు వెతకండి.

డీసీటీ గేర్‌బాక్స్ మంచిదా, టార్క్ కన్వర్టరా?

2 సిరీస్ పెట్రోల్, ఏ-క్లాస్, ఆడి ఏ4లో రెండు క్లచ్‌ల డీసీటీ ఉంటుంది. 3 సిరీస్‌లో ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ద్రవం ద్వారా బలం అందించేది), సి-క్లాస్‌లో తొమ్మిది గేర్లది. రన్నింగ్‌లో ఉన్నప్పుడు డీసీటీ గేర్లు చకచకా మారుస్తుంది. దాన్ని పరీక్షించాల్సింది నడక వేగంలో. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర అడుగు కదిలి, ఆగి, మళ్లీ అడుగు కదిలేటప్పుడు క్లచ్ పట్టుకోవాలా వదలాలా అని కారు తటపటాయిస్తుంది.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ బాగా నిటారుగా ఉంటుంది. ఒకసారి టెస్ట్ డ్రైవ్‌కు తెచ్చిన డీసీటీ కారును ఆ ర్యాంప్ మధ్యలో ఆపి, బ్రేక్ మీద నుంచి కాలు తీసి చూశాను. హిల్ హోల్డ్ ఒకటి రెండు సెకన్లు పట్టుకుంది. తర్వాత యాక్సిలరేటర్ సున్నితంగా తాకితే కారు బెత్తెడు వెనక్కి జారి, చిన్న కుదుపుతో పైకి కదిలింది. వెనక సీట్లో ఉన్న మా అత్తయ్య ముందు సీటు పట్టుకున్నారు. అదే ర్యాంప్ మీద టార్క్ కన్వర్టర్ కారు నీళ్లలో పడవలా పైకి వచ్చేసింది. ఎక్కువ రోజులు సిటీలోనే నడిపేవాళ్లకు నేను టార్క్ కన్వర్టరే చెబుతాను.

ముందు చక్రాలు తిరిగే కారా, వెనక చక్రాలదా?

ఏ-క్లాస్, 2 సిరీస్, మన దగ్గర అమ్మిన ఏ4 ముందు చక్రాలవి. సి-క్లాస్, 3 సిరీస్ వెనక చక్రాలవి. గట్టిగా తొక్కినప్పుడు కారు బరువు వెనక్కి ఒరుగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. అందుకే వానలో ఫ్లైఓవర్ ఎక్కుతూ ముందు చక్రాల కారును తొందరపెడితే డాష్‌బోర్డులో చక్రం జారుతోందని చెప్పే ట్రాక్షన్ లైటు మిణుకుమంటుంది, స్టీరింగ్ చేతిలో కొంచెం లాగుతుంది. వెనక చక్రాల కారులో స్టీరింగ్‌కు ఆ పని ఉండదు కాబట్టి మన్ననూరు దాటాక వచ్చే అడవి మలుపుల్లో హాయిగా ఉంటుంది. మామూలు డ్రైవింగ్‌లో ఈ తేడా పెద్దగా తెలియదు.

ఎలక్ట్రిక్ కార్లు వీటన్నిటినీ ఓడిస్తాయంటున్నారు, నిజమేనా?

నేరుగా ముందుకు పరుగెత్తడంలో నిజమే. 2024 మార్చిలో బీవైడీ సీల్ వచ్చినప్పుడు 41 లక్షల నుంచి 53 లక్షల దాకా మూడు రకాలు పెట్టారు. పై రకం 530 హార్స్‌పవర్‌తో 3.8 సెకన్లలో వంద దాటుతుంది. ఆ డబ్బుకు అంత వేగం ఇచ్చే పెట్రోల్ సెడాన్ ఇక్కడ లేదు. బీఎండబ్ల్యూ ఎం340ఐకే 4.4 సెకన్లు, దాని ధర ఇంకా పైన. గేర్లు లేవు కాబట్టి ఓవర్‌టేక్‌లో ఆలస్యం ఉండదు. కానీ ఆ పై రకం సీల్ బరువు రెండు టన్నులు దాటుతుంది, మలుపులో, గుంతలో ఆ బరువు తెలుస్తుంది. ఇంట్లో చార్జింగ్ పాయింట్ లేనివాళ్లు ఆ ఏర్పాటు చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

ఈ20 పెట్రోల్ వల్ల పికప్ తగ్గుతుందా?

పికప్ కంటే మైలేజీ మీద ప్రభావం ఎక్కువ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపినప్పుడు లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇంజిన్ కంప్యూటర్ కొంచెం ఎక్కువ పెట్రోల్ పంపి సరిచేసుకుంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారు కొంటుంటే మూత లోపల, మాన్యువల్‌లో ఏ పెట్రోల్ అని రాశారో తప్పక చూడండి.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయిస్తే చవగ్గా పవర్ పెరుగుతుందట?

పెరుగుతుంది, వారంటీ పోతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బంది రావచ్చు. వారంటీలో ఉన్న కారుకు వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే పర్ఫార్మెన్స్ తగ్గి ఉంటుందా?

ఇంజిన్ కంటే ముందు టైర్లు చూడండి. మా స్నేహితుడు ఒక డీలర్ దగ్గర అయిదేళ్ల జర్మన్ సెడాన్ తీసుకున్నాడు. పాలిష్ చేసి మెరిసిపోతోంది. తొలి వానలో గట్టిగా బ్రేక్ వేస్తే కారు ఎడమకు లాగింది. ఇంటికొచ్చి వంగి చూస్తే నాలుగు టైర్లలో మూడు బ్రాండ్లు ఉన్నాయి, ముందు రెండింటిలో ఒకటి బాగా అరిగింది. నాలుగూ మార్చాక కారు తీరే మారిపోయింది. నూరు నుంచి నూట ఇరవైకి వేగం ఐదో వంతే పెరిగినా, ఆపాల్సిన శక్తి 1.44 రెట్లు అవుతుంది. ఆ శక్తినంతా రోడ్డుకు అప్పగించేది ఒక్కో టైరు కింద ఉండే అరచేయంత రబ్బరే. టైరు పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం.

డీసీటీ కారైతే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన రికార్డు అడగండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

షోరూం వాళ్లు తీసుకెళ్లే నున్నటి రోడ్డు మీద అన్ని కార్లూ బాగానే ఉంటాయి. నన్ను ఒకచోట రెండు కిలోమీటర్లు తిప్పి, "చాలు కదండీ సార్" అన్నారు. చాలదని చెప్పి మా వీధికి తెమ్మన్నాను. మీరూ అలాగే అడగండి, మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మీ సెల్లార్ ర్యాంప్, మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్, మీరు రోజూ ఇరుక్కునే సిగ్నల్, ఆ తర్వాత కొంచెం ఖాళీ రోడ్డు. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకోండి. ఒక్కరే ఉన్నప్పుడు ఎగిరిపడే కారు, ఐదుగురితో ఎలా లాగుతుందో అప్పుడే తెలుస్తుంది.

స్పోర్ట్ మోడ్‌లో మొదలుపెట్టకండి. కంఫర్ట్ మోడ్‌లో నలభైలో స్థిరంగా వెళ్తూ, వెనకా ముందూ చూసుకుని కాలు సగం తొక్కండి. కారు కదలడానికి ముందు మీ మనసులో ఎంతసేపు లెక్కపెట్టారో గుర్తుంచుకోండి. పోల్చే కార్లన్నిటినీ ఒకే రోజు, ఒకే దారిలో నడపగలిగితే ఇంకా మంచిది.

మీరైతే ఏది తీసుకుంటారు?

నెలకోసారి హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే కుటుంబమైతే సీ220డీ, లేదా లాంగ్ వీల్‌బేస్ 3 సిరీస్ డీజిల్. 3 సిరీస్ వీల్‌బేస్ మామూలు దానికంటే 110 మిల్లీమీటర్లు ఎక్కువ, పెద్దవాళ్లు వెనక కాళ్లు చాపుకోవచ్చు. సిటీలోనే తిరిగి, ఇంట్లో చార్జింగ్ ఉంటే సీల్‌ను ఒకసారి నడిపి చూడకుండా దేన్నీ ఖరారు చేయను. బడ్జెట్ మొదటి మెట్టు దగ్గరే ఆగితే, కొత్త 2 సిరీస్ (218) కంటే మంచి రికార్డున్న పాత 220డీకే నా ఓటు. అందులో డీసీటీ కాదు, ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంటుంది, మా ర్యాంప్ మీద కూడా వెనక్కి జారలేదు. నా ఒక్కడి కోసమే అయితే 330ఎల్ఐ పెట్రోల్. 4400 దాకా ఎక్కడా తగ్గని ఆ లాగుడు, వెనక చక్రాలు, చేతిలో బరువుగా తేలిగ్గా మారే ఆ స్టీరింగ్ కోసం ఇంకో ఏడాది ఆగి డబ్బు కూడబెట్టుకుంటాను.